‘అయితే’ వేరు, ‘అయితేనే’ వేరు

(రేడియో ప్రసంగ పాఠము)

పల్నాడు జిల్లా ఈపూరు నుండి మీతో మాట్లాడుతున్నాను. పొలము నుండి వచ్చి కాళ్ళు కడుక్కొని కూర్చున్న అన్నలారా, పొయ్యి మీద కూర ఉంచి చెవి ఇటు పెట్టిన అమ్మలారా, కొన్ని నిమిషములు నాతో కలిసి ఆలోచించండి.

ఒక ఇంటిలో కష్టము వచ్చిందనుకుందాము. మిరప తోట పోయింది. లేక బిడ్డ జబ్బు పడింది. ఆదివారము ఆరాధన ముగిసి, చెప్పులు వేసుకుంటూ ఒకరు మరొకరితో మెల్లగా అంటారు: “ఊరికే రాదు కదా, ఏదో పాపము ఉండే ఉంటుంది.” ఆ మాట సాయంత్రానికి ఆ ఇంటికి చేరుతుంది. ఇప్పటికే అప్పుతో, దుఃఖముతో ఉన్నవారి మీద ఇంకొక బరువు పడుతుంది. ఈ మాట అన్నవారు చెడ్డవారు కాకపోవచ్చు. బైబిలు చదివేవారే కావచ్చు. మరి వారి ఆలోచనలో ఎక్కడ తప్పు జరిగింది? ఒక చిన్న అక్షరము దగ్గర జరిగింది. ఈ దినము మన అంశము అదే.

మన ఆలోచన అంతా నాలుగు చిన్న మాటల మీద నడుస్తుంది. ‘కాదు’, ‘మరియు’, ‘లేదా’, ‘అయితే’. వీటిని చదువుకున్నవారి మాటలనుకోకండి. ఇంట్లో ఎవరూ “పాలు మరియు పెరుగు” అనరు. “పాలూ పెరుగూ” అంటారు. చివరి అచ్చు సాగదీస్తే చాలు, ‘మరియు’ వచ్చేసింది. “రేపో ఎల్లుండో వస్తాను” అన్నప్పుడు ఆ ‘ఓ’లో ‘లేదా’ ఉన్నది. “వాన పడితే” అన్నప్పుడు ఆ ‘తే’లో ‘అయితే’ ఉన్నది. బడికి పోని అవ్వ కూడా దినమంతా వీటితోనే మాట్లాడుతుంది.

ఈ మాటలకు గణితములో స్థానము కల్పించినవారు ఇద్దరున్నారు. ఒకరు ఇంగ్లండులో పుట్టిన జార్జి బూలు. రెండవవారు 1806లో మన పొరుగున మదురైలో పుట్టి, లండనులో బోధించిన అగస్టస్ డి మోర్గాన్. ఇద్దరూ 1847లోనే తర్కము మీద పుస్తకములు ప్రచురించారు. నేడు మీ చేతిలోని సెల్‌ఫోను లోపల జరిగే లెక్కలు ‘కాదు’, ‘మరియు’, ‘లేదా’ అనే పనుల మీదే కట్టబడినవి. యంత్రము వాటిని తారుమారు చేయదు. మనుష్యులమైన మనము చేస్తాము.

మొదట ‘కాదు’ను చూద్దాము. “పెద్దలందరూ ఒప్పుకోలేదు” అని సంఘములో ఒక మాట బయలుదేరింది. దీనికి అర్థమేమిటి? ఒక్కరు కూడా ఒప్పుకోలేదనా? కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదనా? తెలుగులో ఈ వాక్యము రెండు విధములుగానూ వినబడుతుంది. ఏడుగురిలో ఒక్క పెద్ద కాదన్నా ఈ మాట అనవచ్చు, ఏడుగురూ కాదన్నా అనవచ్చు. రెండింటికీ ఎంత దూరమో చూడండి! ఈ ఒక్క వాక్యముతో సంఘము రెండుగా చీలిపోగలదు. కనుక ఇటువంటి మాట విన్నప్పుడు వెంటనే అడగండి: “ఎవరూ ఒప్పుకోలేదా, కొందరు ఒప్పుకోలేదా?” ఈ ప్రశ్నకు ఖర్చు లేదు.

‘మరియు’ కూడా ఇటువంటిదే. ఒక పథకానికి వయసు 60 దాటి ఉండాలి, రేషన్ కార్డూ ఉండాలి అన్నారనుకోండి. మీ దరఖాస్తు తిరిగి వచ్చింది. అంటే రెండూ లేవని అర్థము కాదు. రెండింటిలో కనీసము ఒకటి లేదని అర్థము. ‘ఇదీ అదీ’ అన్నదానిని కాదంటే ‘ఇదో అదో లేదు’ అని అర్థము. డి మోర్గాన్ పేరుతో నేటికీ పిల్లలు చదువుకునే సూత్రము ఇదే. “పాస్టరుగారూ, నన్ను అనర్హుడన్నారు” అని కుంగిపోయే ముందు ఏది లేదో అడిగి తెలుసుకోండి.

ఇక ‘లేదా’. ఇది రెండు రకములు. “కాఫీయో టీయో ఇవ్వండి” అంటే ఒకటే అడుగుతున్నాము. “ఆధార్ కార్డో రేషన్ కార్డో తీసుకురండి” అంటే రెండూ తెచ్చినా ఎవరూ వెనక్కు పంపరు. అయితే మూడవ రకము ఒకటున్నది, అది ఉచ్చు. నిజానికి ఒకదానికొకటి అడ్డము కాని రెండింటిని ఎదురెదురుగా నిలబెట్టి “ఇదా, అదా, తేల్చు” అనడము. మత్తయి సువార్త 22వ అధ్యాయములో కైసరుకు పన్ను ఇవ్వవచ్చునా, ఇవ్వకూడదా అని ప్రభువును అడిగినవారు ఇటువంటి ఉచ్చే పన్నారు. ఇవ్వండి అంటే జనులకు కోపము, వద్దంటే రోమా అధికారులకు కోపము. ప్రభువు ఒక దేనారము తెప్పించి, దాని మీది రూపమెవరిదో వారి నోటితోనే చెప్పించి, కైసరుకు చెందవలసినదీ దేవునికి చెందవలసినదీ రెండూ చెల్లించమని చెప్పి పంపించారు. వారు తెచ్చిన ‘ఓ’ను ఆయన ‘ఊ’గా మార్చారు.

ప్రియులారా, ఈ ఉచ్చు మన ఇండ్లలో కూడా ఉన్నది. “ప్రార్థనా? మందా? నీకు దేని మీద నమ్మకము?” అని రోగిని నిలదీసేవారున్నారు. రాజైన హిజ్కియా సంగతి చూడండి. అతడు మరణకరమైన రోగముతో ఉండి కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు 15 సంవత్సరముల ఆయుష్షు పొడిగించాడు. ఆ దేవుని ప్రవక్తయైన యెషయాయే అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థనా ఉన్నది, కట్టూ ఉన్నది. ఎవరూ హిజ్కియాను ఏదో ఒకటి ఎంచుకొమ్మనలేదు. క్షయకు మందులు వాడుతున్న అన్నా, స్వస్థత కూటానికి వెళ్ళి వచ్చి మాత్రలు మానేయవద్దు. సగములో మానేస్తే ఆ రోగము మందులకు లొంగకుండా తిరిగి రావచ్చు.

ఇప్పుడు అసలైన మాటకు వచ్చాము. ‘అయితే’. మొదట, ఈ ‘తే’ మాట ఎప్పుడు అబద్ధమవుతుంది? పల్నాడులో ఉన్నవారికి దీనిని చెప్పడానికి దూరపు కథ అవసరము లేదు. పన్నెండవ శతాబ్దము నాటి పల్నాటి వీరుల కథ మీకు తెలుసు. కోడిపందెములో ఓడితే ఏడేండ్లు రాజ్యము విడిచి వెళ్ళాలి, గడువు ముగిస్తే తిరిగి వచ్చి తమ భాగము తీసుకోవచ్చు అని ఒప్పందము. మాచర్ల వారు ఓడారు, వెళ్ళారు, గడువు ముగించారు. భాగము అడిగితే గురజాల వారు ఇవ్వలేదు. రాయబారిగా వెళ్ళిన అలరాజు చంపబడ్డాడు. కారంపూడిలో యుద్ధము జరిగింది. గమనించండి. మాచర్ల వారు గడువు ముగించకుండానే వచ్చి అడిగి ఉంటే, ఇవ్వకపోయినా మాట తప్పినట్లు కాదు. ‘తే’ ముందున్న షరతు నెరవేరి, తరువాతది నెరవేరనప్పుడు మాత్రమే ఆ మాట అబద్ధమవుతుంది. కథలో జరిగినది అదే.

రెండవది, ‘తే’ మాటకు ఒకటే దిక్కు. దానిని వెనక్కు త్రిప్పకూడదు. “వాన పడితే చేను తడుస్తుంది.” ఇది నిజము. దీని నుండి నాలుగు మాటలు చెప్పి చూద్దాము. వాన పడింది, కనుక చేను తడిసింది: ఇది సరియైనది. చేను తడవలేదు, కనుక వాన పడలేదు: ఇది కూడా సరియైనదే. చేను తడిసింది, కనుక వాన పడింది: ఇది తప్పు. ఎందుకు? సాగర్ కుడి కాలువ నీళ్ళు పెట్టి ఉండవచ్చు. వాన పడలేదు, కనుక చేను తడవలేదు: ఇదీ తప్పే. మరల కాలువే కారణము. నాలుగింటిలో రెండు నిలుస్తాయి, రెండు పడిపోతాయి. ఎప్పుడైనా తికమక పడితే ఈ చేనునూ కాలువనూ గుర్తుకు తెచ్చుకోండి.

పదిహేడవ శతాబ్దములో తెలుగువాడైన అన్నంభట్టు వ్రాసిన తర్కసంగ్రహము అనే సంస్కృత గ్రంథము ఇప్పటికీ తర్కము నేర్చుకునేవారు మొదట చదివే పుస్తకము. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, కాని నిప్పు ఉన్నంత మాత్రాన పొగ ఉండదు అని అందులో వివరణ ఉన్నది. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టెలు కూడా కావాలి. కొలిమి దగ్గర నిలబడినవారెవరైనా ఈ సంగతి చూడగలరు.

అపొస్తలుడైన పౌలు ఈ ‘తే’ను సరిగా నడిపించాడు. 1 కొరింథీయులకు 15వ అధ్యాయములో మృతుల పునరుత్థానము లేదన్నవారితో ఆయన వాదము ఇది: మృతులు లేవరన్న మాట నిజమైతే క్రీస్తు కూడా లేచి ఉండడు. కాని క్రీస్తు లేచాడు. కనుక ఆ మాట నిజము కాదు. చేను తడవలేదు, కనుక వాన పడలేదన్న దారిలోనే ఆయన నడిచాడు.

ఇప్పుడు తెలుగులో ఉన్న ఒక అక్షరమును గమనించండి. “వాన పడితే చేను తడుస్తుంది” అన్నదానికి చివర ‘నే’ చేర్చండి. “వాన పడితేనే చేను తడుస్తుంది.” అర్థము మారిపోయింది! ఇప్పుడు వాన తప్ప వేరే దారి లేదంటున్నాము. కాలువను మూసివేశాము. ‘తేనే’ అన్నామంటే, తడిసిన ప్రతి చేనునూ చూసి వాన పడిందని చెప్పవచ్చు. ‘తే’ అంటే చెప్పలేము. ఒక్క ‘నే’తో ఎంత మార్పు!

యోబు స్నేహితులైన ఎలీఫజు, బిల్దదు, జోఫరు చేసినది ఇదే. పాపము చేస్తే కష్టము వస్తుంది అన్న మాటలో నిజమున్నది. కాని వారు దానిని, పాపము చేస్తేనే కష్టము వస్తుంది అని మార్చుకున్నారు. యోబుకు కష్టము వచ్చింది, కనుక పాపము చేశాడని తీర్పు చెప్పారు. చేను తడిసింది కనుక వాన పడిందన్నట్లే ఉన్నది కదా! వారు దేవుని పక్షముననే మాట్లాడుతున్నామనుకున్నారు. కాని చివరి అధ్యాయములో దేవుడు వారి మీదనే కోపించాడు. వారు యుక్తముగా పలుకలేదన్నాడు.

“అయ్యా, పాపానికి ఫలితము లేదంటారా?” అని మీరడగవచ్చు. ఉన్నది. సారా త్రాగితే కాలేయము చెడుతుంది. అందులో సందేహము లేదు. కాని కాలేయము చెడిన ప్రతివాడు త్రాగుబోతా? హెపటైటిస్ బి అనే వైరసు వలన, జీవితములో ఒక్క చుక్క ముట్టని తల్లికి కూడా కాలేయము చెడవచ్చు. ఆసుపత్రిలో ఆమె మంచము ప్రక్కన నిలబడి మనము ‘తే’ను ‘తేనే’ చేస్తే ఆమెను రెండవసారి గాయపరచినవారమవుతాము.

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు, పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని అడిగారు. వారి ప్రశ్నలో రెండు తప్పులున్నవి. ‘తేనే’ ఉన్నది, మూసివేసిన ‘ఓ’ కూడా ఉన్నది. ప్రభువు రెండింటినీ కాదన్నారు. లూకా 13వ అధ్యాయములో సిలోయము గోపురము కూలి 18 మంది చనిపోయిన సంగతి ఎత్తి, వారు యెరూషలేములోని అందరికంటే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా అని అడిగి, కాదని తానే చెప్పారు. వెంటనే వినేవారిని మారుమనస్సు పొందమన్నారు. అంటే పాపము సంగతి ఆయన వదిలివేయలేదు. చనిపోయినవారి పాపము లెక్కించడము మాని మీ సంగతి చూసుకొమ్మన్నారు.

మన మధ్యనే చూడండి. 2021-22 పంట కాలములో నల్ల తామర పురుగు వచ్చి ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో మిరప తోటలను దెబ్బతీసింది. పూతలో చేరి, కాపు నిలువనివ్వలేదు. ఆ పురుగు పొలము గట్టు మీద ఆగి, ఈ రైతు దశమభాగము ఇచ్చాడా లేదా అని అడగలేదు. ఇచ్చినవాని తోటా పోయింది, ఇవ్వనివాని తోటా పోయింది. అటువంటి ఇంటికి వెళ్ళి కారణము చెప్పబోయేవారు, ‘తే’ను ‘తేనే’గా మార్చుతున్నామేమో చూసుకోవాలి. పురుగుమందు డబ్బా అందుబాటులో ఉన్న ఇంటిలో, అప్పులో మునిగిన మనిషికి, “నీ పాపమే” అన్న మాట ఎంత దూరము తీసుకువెళ్ళగలదో నేను చెప్పనవసరము లేదు.

ఈ త్రిప్పుడు మాట ప్రాణము తీసే ఇంకొక చోటున్నది. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో మెలితే ద్వీపము వారు, పౌలు చేతిని సర్పము పట్టుకోగానే ఇతడు నరహంతకుడన్నారు. కొంతసేపటికి అతడు చనిపోకపోయేసరికి ఇతడు దేవుడన్నారు. రెండూ తొందరపాటు తీర్పులే. 2000 నుండి 2019 వరకు మన దేశములో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా. సంవత్సరానికి సగటున 58,000 మంది. ఎక్కువమంది పల్లెవారు.

“మంత్రము వేయిస్తే మా మామ బ్రతికాడు” అంటారు. బ్రతికినమాట నిజమే కావచ్చు. కాని చాలా పాములకు విషమే లేదు. విషమున్న పాము కూడా కొన్నిసార్లు విషము ఎక్కించకుండానే కాటు వేస్తుంది. అటువంటి కాటుకు మంత్రము వేయించినా బ్రతుకుతారు, వేయించకపోయినా బ్రతుకుతారు. మంత్రము వేయించి కూడా చనిపోయినవారు వచ్చి సాక్ష్యము చెప్పరు కదా! నాలుగు లెక్కలు అడగాలి: వేయించి బ్రతికినవారు, వేయించి పోయినవారు, వేయించక బ్రతికినవారు, వేయించక పోయినవారు. మనకు వినబడేది మొదటి లెక్క ఒక్కటే.

మరొక మాట. “కాటు గుర్తు ఉంటే పాము కరిచినట్లు.” దీనిని త్రిప్పి, “గుర్తు లేదు, వాపు లేదు, కనుక పాము కాదు” అనుకుంటారు. వాన పడలేదు కనుక చేను తడవలేదన్న తప్పే ఇది! కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. గుర్తు కనబడకపోవచ్చు, నొప్పి, వాపు ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి, మింగడము కష్టమవుతుంది, ఊపిరి ఆగిపోవచ్చు. ఆసుపత్రిలో రక్తమును గాజు గొట్టములో 20 నిమిషములు ఉంచి గడ్డకడుతుందా అని చూస్తారు. గడ్డకట్టకపోతే రక్తపింజరి వంటి పాము విషము ఎక్కిందని అనుమానిస్తారు. కాని గడ్డకట్టింది కనుక విషము లేదని వైద్యులు అనుకోరు. ఎందుకంటే కట్లపాము విషము నరముల మీద పనిచేస్తుంది, రక్తమును గడ్డకట్టనిస్తుంది. ‘తే’ను త్రిప్పకూడదని వారికి తెలుసు. కనుక కోయవద్దు, బిగించి కట్టవద్దు, నడిపించవద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కు ఫోను చేయండి. దారిలో ప్రార్థన చేయండి. ప్రార్థనా, ఆసుపత్రీ.

చివరిగా, తెలుగులో ఇంకొక అక్షరమున్నది. ‘తే’ కాదు, ‘తేనే’ కాదు, ‘నా’. “వాన పడినా”, “పడకపోయినా”. ఇది షరతును తీసివేసే అక్షరము. దానియేలు గ్రంథము 3వ అధ్యాయములో షద్రకు, మేషాకు, అబేద్నెగో అనువారు రాజుతో, మా దేవుడు మమ్మును రక్షించగల సమర్థుడు అన్నారు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మ్రొక్కము అన్నారు. రక్షిస్తే సేవిస్తాము అనలేదు, రక్షిస్తేనే సేవిస్తాము అసలే అనలేదు. హబక్కూకు ప్రవక్త కూడా తన గ్రంథము చివర అంజూరపు చెట్టు పూయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో పశువులు లేకపోయినా దేవునియందు ఆనందిస్తానన్నాడు. పంట పోయిన రైతు ఆ అధ్యాయము చదివితే, ఆ ప్రవక్తకు పొలము సంగతి తెలుసునని గ్రహిస్తాడు.

కాబట్టి ప్రియులారా, ఈ వారము ఎవరి కష్టము గురించియైనా మాట నోటి దాకా వచ్చినప్పుడు ఒక్క క్షణము ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను ‘కొందరు’ను ‘అందరు’ చేస్తున్నానా? రెండూ ఉండగలిగిన చోట ‘ఇదా అదా’ అంటున్నానా? ‘తే’ను ‘తేనే’ చేస్తున్నానా? ఆ తరువాత, చెప్పుకోవడానికి ఏమీ మిగలకపోతే మరీ మంచిది. లేచి ఆ ఇంటికి వెళ్ళండి. యోబు స్నేహితులు మొదటి ఏడు దినములు అతని ప్రక్కన నేల మీద మౌనముగా కూర్చున్నారు. వారు సరిగా చేసిన పని అదే. మీరు కూడా వెళ్ళి కూర్చోండి. కొంచెము అన్నము తీసుకువెళ్ళండి.

దేవుడు మన నాలుకలకు వివేకమును, మన హృదయములకు కనికరమును అనుగ్రహించును గాక. ఆమేన్.